రాయబార కార్యాలయం ముందు బెంచీ

మార్చి 3

డైరీ రాయమన్నది మా ఆవిడ. ఆమె పళ్ళ డాక్టరు. నేను అన్నం తింటూ పైకే మాట్లాడుకుంటున్నానట. అందులో సగం మాటలు "గాజు", మిగతా సగం "గోడ" అట. "ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడకండి. చెప్పుకోవాల్సింది ఉంటే కాగితానికి చెప్పుకోండి," అంది. చెప్పుకుంటున్నాను. ఎవరూ చదవరు కనక నిజమే రాస్తాను.

మొదటి నిజం: ఈ ఊళ్ళో ఉన్న ఆర్కిటెక్టుల్లో నేను అందరికంటే గొప్పవాణ్ణి కాను. రెండోవాణ్ణి అయ్యుండొచ్చు.

రెండో నిజం: రెండేళ్ళ కిందట ఒక విదేశం వాళ్ళ కొత్త రాయబార కార్యాలయానికి నా నమూనా ఎంపికైంది. చుట్టూ ప్రహరీ లేదు. నాలుగంతస్తులు, రెండువందల పన్నెండు గాజు పలకలు. రోడ్డున పోయే మనిషికి లోపల పనిచేసే మనిషి కనిపించాలి. "మా దగ్గర దాచడానికేమీ లేదు, రండి అని ఒక దేశం ఇంకో దేశంతో చెప్పడమే ఈ భవనం చేసే పని," అని రాసిచ్చాను. కమిటీలో ఒకాయన ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు.

మూడో నిజం: ఇవాళ కొత్త భద్రతాధికారి వచ్చాడు. పాతాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఈయన మన భాషని బోర్డులూ ప్రభుత్వ నోటీసులూ చదివి నేర్చుకున్నాడట. స్తంభాలు లేచి, స్లాబులు పడి, గాజు బిగించడానికి సిద్ధంగా ఉన్న భవనం చుట్టూ ఓసారి తిరిగి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"అద్దములు అధికముగా ఉన్నవి. తగ్గించవలెను."

జేబులోంచి ఎర్రపెన్సిలు తీశాడు. ఇకమీదట ఈ డైరీలో ఆయన పేరు ఎర్రపెన్సిలు.

మార్చి 4

కింది అంతస్తు గాజు పోయింది. అరవై నాలుగు పలకలు. వాటి స్థానంలో కాంక్రీటు.

నేను రాజీపడలేదు. ఒప్పుకున్నాను, అంతే.

మార్చి 8

మా అత్తయ్య మాతోనే ఉంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్ఫై ఒక్కేళ్ళు ఆపరేటరుగా చేశారు. విదేశాలకు ఫోన్ చెయ్యాలంటే ముందుగా బుక్ చేసుకుని కూర్చోవలసిన రోజులవి. ఇక్కడి ఆపరేటరు అక్కడి ఆపరేటరుని పిలిస్తే, ఆవిడ లైను కలిపేది. అత్తయ్యకు అవతల పలికే మనిషి ముప్ఫై ఒక్కేళ్ళూ ఒక్కరే. ఆ దేశంలో, నేను ఎవరికైతే భవనం కడుతున్నానో ఆ దేశంలోనే, ఒక ఆడమనిషి. కాల్‌కీ కాల్‌కీ మధ్య దొరికిన అరనిమిషంలో, వచ్చీరాని ఇంగ్లీషులో, ఇద్దరూ వానల దగ్గర్నుంచి వియ్యపురాళ్ళ దాకా అన్నీ మాట్లాడుకున్నారు. ఇద్దరూ రిటైరయ్యారు. ఆదివారం ఆదివారం ఫోను మాత్రం ఆగలేదు. ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఫొటో తెప్పించుకోవచ్చు కదా అని మా ఆవిడ అంటే, "ఫొటో చూసేస్తే ఇంక వెళ్ళడం దేనికే?" అంటారు అత్తయ్య.

మొన్న ఆదివారం ఫోన్లో ఆవిడ అందట: "నా చెవులు పోతున్నాయి. పూర్తిగా పోకముందే ఒకసారి రా."

అందుకని ఇవాళ అత్తయ్య వీసా కోసం పాత ఎంబసీకి వెళ్ళారు. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డారు. నాలుగు గంటలు ఫుట్‌పాత్ మీద నిలబడ్డారట. కూర్చోడానికి లేదు, నెత్తిన నీడ లేదు. బాత్‌రూముకని ఎదురుగా జెరాక్సు షాపువాణ్ణి బతిమాలుకోవలసి వచ్చిందట. చివరికి కిటికీ దగ్గరికి చేరితే, ఒక కాగితం తక్కువైంది, ఇక మేము కొత్త భవనంలోకి మారిపోతున్నాం, మే నెలాఖరుకి అక్కడికి రండి అన్నారట. మోకాళ్ళు రెండూ బంతుల్లా వాచిపోయాయి.

"ఇంక నా వల్ల కాదు," అన్నారు. "ఈ ఆదివారం ఫోన్లో ఆవిడకి రానని చెప్పేస్తాను."

మా ఆవిడ వేణ్ణీళ్ళ కాపడం పెడుతోంది. అత్తయ్య నావైపు తిరిగారు.

"ఆ కొత్తది కట్టేది మీరే కదా అల్లుడుగారూ. అక్కడైనా కూర్చోడానికి ఉంటుందా?"

నా నమూనాలో భవనం ముందు పెద్ద ఖాళీ ఆవరణ ఉంది. అంతా నున్నటి గ్రానైటు. వచ్చిన మనిషికి ఆ విశాలత్వం అనుభవంలోకి రావాలని దానిమీద ఒక్క రాయి కూడా పెట్టలేదు. బెంచీలుంటే గీతల అందం చెడిపోతుంది.

"ఉంటుందత్తయ్యా," అన్నాను.

"నీడ?"

"ఉంటుంది."

"బాత్‌రూమో?"

"రెండు."

అక్కడితో ఆగాల్సింది. ఆగలేకపోయాను. "రాతి బెంచీలు. నలభై అయిదు సెంటీమీటర్ల ఎత్తు. ఆనుకోడానికి వెనక పన్నెండు డిగ్రీల వాలు. పైన పందిరి, మూడు మీటర్ల అరవై ఎత్తున. ఎండ తూర్పునుంచి వచ్చినా పడమటినుంచి వచ్చినా మీ మీద పడదు," అన్నాను. మా ఆవిడ తలెత్తి నావైపు చూసింది. రోజుకి రెండుసార్లు తోముతానండీ అని చెప్పే పేషెంట్ల వైపు ఆమె అలాగే చూస్తుంది.

"అయితే వెళ్తాను," అని అత్తయ్య కుంటుకుంటూనే ఫోను దగ్గరికి నడిచారు. ఆదివారం దాకా ఆగలేదు.

మార్చి 9

అది అబద్ధం కాదు. ఇంకా కట్టని నిజం.

మార్చి 12

ఎర్రపెన్సిలుని సూటిగా అడిగాను. ఆవరణలో బెంచీలు వేద్దామా అని.

"కూర్చొనుట నిషేధము."

"ఎందుకండీ?"

"కూర్చున్నవాడు చూచును. చూచినవాడు గుర్తుంచుకొనును. కావున కూర్చొనరాదు."

"పోనీ, నీడకి ఒక పందిరి..."

"నీడ యందు గుమిగూడుదురు. గుమిగూడుట నిషేధము."

మాట్లాడుతూ మాట్లాడుతూనే రెండో అంతస్తు గాజు మీద ఎర్రగీత కొట్టేశాడు. బెంచీల ధ్యాసలో పడి నేను దానికి అడ్డు చెప్పడం మరిచిపోయాను. ఇది కూడా రాజీ కిందికి రాదు. మరుపు.

మార్చి 13

రాయబారిగారు పని చూడ్డానికి వచ్చారు. చల్లని మనిషి. మన భాషలో ఆయనకు మహా అయితే పది మాటలు వచ్చు. అందులో అన్నిటికీ వాడేది "బాగుంది". మెట్లు చూసి బాగుంది అన్నారు. సిమెంటు బస్తాలు చూసి బాగుంది అన్నారు. భవనం చుట్టూ ఈ వారమే తవ్వించిన కందకం దగ్గర మాత్రం ఆగిపోయారు.

ఆ కందకం ఎర్రపెన్సిలు కోరిక. లారీలు గోడ దాకా రాకుండా ఉండడానికట. నేను దాన్ని నీళ్ళతో నింపి, ప్లానులో "ప్రతిబింబ సరస్సు" అని రాసుకున్నాను. రాయబారిగారు ఆ నీళ్ళకేసి చూసి, మొహం చిన్నపిల్లాడి మొహంలా చేసుకుని, "బాతులు?" అన్నారు.

"బాతులు శబ్దము చేయును," అన్నాడు ఎర్రపెన్సిలు. "వలదు."

రాయబారిగారి మొహం చూసి నాకే కష్టమనిపించింది. ఏదో ఒకటి అందామని, "ఎవరైనా నీళ్ళలోకి దిగితే బాతులు ముందే అరుస్తాయి కదండీ," అన్నాను. ఉత్తినే అన్నాను.

ఎర్రపెన్సిలు చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. తరవాత పుస్తకం తీసి రాసుకున్నాడు. పక్కనుంచి తొంగి చూశాను. "బాతులు. ఎనిమిది. అత్యవసరము."

"బాగుంది!" అన్నారు రాయబారిగారు.

ఇంటికొచ్చేటప్పుడు కారు మూడు సిగ్నళ్ళ దగ్గర పచ్చలైటు పడ్డాక కూడా ఆపేసి కూర్చున్నాను. వెనక హారన్లు. ఆలోచిస్తున్నాను మరి.

మార్చి 15

బెంచీ అనే మాట ఇక ఈ భవనంలో ఎవరూ ఎత్తకూడదని మేస్త్రికి చెప్పాను.

"మరేమనాలి సార్?"

"వాహన నిరోధక దిమ్మె."

మేస్త్రి ఇరవై ఏళ్ళ నుంచీ నాతో పనిచేస్తున్నాడు. "నిరోధక" అని నాలుగుసార్లు పలికి చూసుకున్నాడు. "కూర్చోడానికే కదా సార్?" అన్నాడు.

"ఆ మాటా ఎత్తకు."

డ్రాయింగు తీసుకెళ్ళి ఎర్రపెన్సిలు ముందు పరిచాను. రోడ్డువైపు నుంచి వాహనం దూసుకొస్తే ఆపడానికి ఎనిమిది దిమ్మెలు. రాయి పైన, లోపల ఇనుప చట్రం, కింద మీటరున్నర పునాది.

"ఎత్తు నలుబది ఐదు సెంటీమీటర్లు ఏల?"

"చక్రం ఇరుసుకి సరిగ్గా తగులుతుందండీ."

"వెనుక ఈ వాలు?"

"ఎక్కబోయిన వాహనం వెనక్కి జారుతుంది."

"అంచులు గుండ్రముగా ఉన్నవి."

నీళ్ళు నమిలాను. "పేలుడు... గుండ్రంగా ఉంటే... పక్కలకి పోతుంది," అన్నాను.

పెన్సిలు కాగితం మీద ఆడింది. గీత కాదు. టిక్కు.

మార్చి 22

పందిరి కూడా అయింది. ఎదురుగా పదకొండంతస్తుల భవనం ఉంది కదా, అక్కడినుంచి ఎవరైనా దుర్భిణీ పెట్టి, వచ్చేవాళ్ళ మొహాలు చూస్తే ఎలా అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. "పైనుండి దృష్టి నిరోధించు కప్పు" అని ఆయనే పేరు పెట్టాడు. ఆయనే వెడల్పు ఇంకో మీటరు పెంచాడు.

బదులుగా మూడో అంతస్తు గాజు తీసుకున్నాడు. ఇవ్వక తప్పలేదు. అంటే, ఇచ్చాను.

మార్చి 23

అత్తయ్య ఇవాళ ఆవిడతో ఫోన్లో బెంచీల గురించి చెబుతుంటే విన్నాను. "ట్వెల్వ్ డిగ్రీస్!" అంటున్నారు గర్వంగా. అవతల ఆవిడకు సరిగ్గా వినబడలేదో ఏమో, నాలుగుసార్లు చెప్పారు.

పన్నెండు డిగ్రీలంటే ఇక్కడ చలి అనుకుంది కాబోలు ఆవిడ. స్వెట్టరు అల్లుతానందట.

ఏప్రిల్ 6

బాత్‌రూముల విషయంలో రెండు వారాలు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తనిఖీ కాకుండా ఎవరూ గుమ్మం లోపలికి రాకూడదు. తనిఖీకి మూడు గంటలు బయట కూర్చోవాలి. మూడు గంటలు కూర్చున్న మనిషికి ఏం కావాలో ఎర్రపెన్సిలుకి ఏ బోర్డు మీదా ఎవరూ రాసి చూపించలేదు.

ఇవాళ దారి దొరికింది.

"సందర్శకులు లోపలికి తీసుకురాకూడనివి కొన్ని ఉంటాయి కదండీ," అన్నాను.

"ఉండును. మిక్కిలి ఉండును."

"అవన్నీ బయటే విడిచిపెట్టి రావడానికి గది ఉండాలి కదా?"

"తప్పక ఉండవలెను."

"రెండు గదులు. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి."

"సముచితము." డ్రాయింగు మీదికి వంగాడు. "నీటి గొట్టములు ఏల?"

"ద్రవపదార్థాలు లోపలికి నిషేధం కదండీ. అక్కడే పారబోసేస్తారు."

"లోపల గడియ?"

"ఎవరెవరు ఏం విడిచిపెట్టారో పక్కవాళ్ళకి తెలియకూడదు."

ఎర్రపెన్సిలు తల పంకించి, మార్జిన్‌లో తనచేత్తో పేరు రాశాడు: "విసర్జన గది." నా వెనక నిలబడ్డ మేస్త్రికి ఒక్కసారి దగ్గొచ్చింది. దగ్గుతూనే బయటికి వెళ్ళిపోయాడు. గోడ అవతల కూడా చాలాసేపు దగ్గాడు.

ఏప్రిల్ 7

పై అంతస్తు గాజు ఏమైందని కమిటీలో ఆయన ఫోన్ చేసి అడిగాడు. ఇంకా ఉందని చెప్పాను. ఉంది కూడా. తొమ్మిది పలకలు. ఒక్కొక్కటీ ఉత్తరాలు వేసే సందంత.

దాన్ని మితమైన పారదర్శకత అనవచ్చు.

ఏప్రిల్ 14

అడ్డంగా దొరికిపోయాను. బీరువాలో పాత డ్రాయింగులు మా ఆవిడ కంటపడ్డాయి. మార్చి ఎనిమిదో తేదీ నాటివి.

"ఏమండీ, ఇందులో బెంచీలేవీ?"

"అవి వేరే షీటులో ఉన్నాయి."

"ఆ షీటు చూపించండి."

చూపించాను. దానిమీద తేదీ మార్చి పదిహేను. పైన "వాహన నిరోధక దిమ్మెలు" అని ఉంది. ఆమె రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుని, ఎక్స్‌రే చూసినట్టు వెలుతురుకి ఎత్తి చూసింది.

"అంటే ఆరోజు మా అమ్మతో మీరు చెప్పినవేవీ లేవన్నమాట."

"ఇప్పుడున్నాయిగా."

"మా అమ్మ ఆవిడకి స్వెట్టరు కొలతలు కూడా ఇచ్చేసిందండీ! రేపు మళ్ళీ ఎండలో నిలబడాల్సొస్తే?"

"నిలబడరు."

ఆమె షీట్లు కిందికి దించింది. "అయినా రాళ్ళ మీద ఎవరైనా మూడు గంటలు కూర్చుంటారా? కింద చల్లగా ఉండాలంటే రాయి లేతరంగుది వేయించండి. నల్లది వేస్తే కాలిపోతుంది," అంది.

ఈ ముక్క నాకు తట్టలేదు. నల్లదే చెప్పాను. గీతలకి బాగుంటుందని.

ఏప్రిల్ 15

రాయి మార్పించాను.

ఏప్రిల్ 23

గుండెల్లో రాయి పడింది. ఎర్రపెన్సిలు నుంచి ఉత్తరం: "దిమ్మెల సామర్థ్యము పరీక్షింపబడును. మే 2. లారీతో ఢీకొట్టించవలెను. దిమ్మె పగిలిన యెడల అన్నియు తొలగింపబడును."

మేస్త్రిని పిలిచి లోపల ఇనుము ఎంత వేశావని అడిగాను.

"మీరు చెప్పినంతా వేశాను సార్. కాకపోతే మీరు వెనక వాలు పన్నెండు అంటున్నారు కదా, అక్కడ మనిషి నడుం సుఖంగా ఆనాలని రాయి కొంచెం చెక్కించాను. పల్చబడింది."

"నిన్నెవరు చెక్కమన్నారు?"

"మా ఆవిడకి నడుంనొప్పి సార్. ఆమెని కూర్చోబెట్టి చూసుకున్నాను."

ఏప్రిల్ 30

ఆకలి లేదు. అత్తయ్య సూటుకేసు అటక మీంచి దింపించారు.

మే 2

పొద్దున్న ఎనిమిదింటికే చేరాము. నేను, మేస్త్రి, ఎర్రపెన్సిలు, ఇసకతో నిండిన లారీ, దాని డ్రైవరు. రాయబారిగారు మేడ మీద సందులోంచి చూస్తున్నారు. సందు సన్నం కనక ఒక కన్నే కనిపించింది.

డ్రైవరు కిందికి దిగి నా దగ్గరికొచ్చాడు. "సార్, ఒకసారి మళ్ళీ చెప్పండి. ఆపాలా, గుద్దాలా?"

"గుద్దాలి."

"ఇరవై ఆరేళ్ళ సర్వీసు సార్. ఎక్కడా ఎవర్నీ గుద్దలేదు."

"ఇది ఎవరూ కాదు. దిమ్మె."

"బెంచీలా ఉందే?"

"దిమ్మె!" అన్నాం నేనూ మేస్త్రీ ఒక్కసారిగా.

అంతా సిద్ధమయ్యేసరికి పదకొండు. ఎర్రపెన్సిలు ఆ మూడు గంటలూ ఎండలో నిలబడే ఉన్నాడు. టేపు పట్టుకుని కొలిచాడు, సుద్దతో గీశాడు, అందర్నీ వెనక్కి జరిపాడు, జరిపినవాళ్ళని మళ్ళీ జరిపాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. డ్రైవరు సీటుబెల్టు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని బయల్దేరాడు. మేస్త్రి రెండు కళ్ళూ మూసుకున్నాడు. నేను తెరిచే ఉంచాను, కాకపోతే వేరేవైపు చూశాను.

చప్పుడు మాత్రం గట్టిగానే వచ్చింది. బాతులు ఎనిమిదీ ఒక్కసారి అరిచాయి.

లారీ బంపరు ముడుచుకుపోయింది. ముందునుంచి ఆవిరి బుస్సున లేస్తోంది. డ్రైవరు క్షేమం. దిమ్మె మీద, మనిషి నడుం ఆనే చోట, గోరుతో గీసినంత గీత.

ఎర్రపెన్సిలు వంగి ఆ గీత కొలిచాడు. లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. నివేదిక రాయడానికి అట్ట కోసం అటూ ఇటూ చూసి, ఎక్కడా ఏమీ కనబడక, పక్క దిమ్మె మీద కూర్చున్నాడు.

"హమ్మయ్య," అన్నాడు.

రెండు నెలల్లో ఆయన నోటినుంచి బోర్డు మీద లేని మాట రావడం అదే మొదలు. వెనక్కి ఆనుకున్నాడు. పందిరి నీడ సరిగ్గా ఆయన మోకాళ్ళ దాకా పడుతోంది. కాళ్ళు చాపుకున్నాడు. కాగితం ఒళ్ళో ఉంది, పెన్సిలు చేతిలో ఉంది, పది నిమిషాలు ఒక్క అక్షరం రాయలేదు. మాలో ఎవరికీ కదిలే ధైర్యం లేదు.

చివరికి తలెత్తి, "విసర్జన గది తాళము ఎవరి యొద్ద ఉన్నది?" అన్నాడు.

మేస్త్రి పరుగెత్తికెళ్ళి ఇచ్చాడు. ఎర్రపెన్సిలు లోపలికి వెళ్ళాడు. గడియ పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి తడిచేతులు విదుల్చుకుంటూ వచ్చాడు.

"సదుపాయము సంతృప్తికరము."

ఆయన నా కళ్ళలోకి చూశాడు.

"ఒక్కొక్క దిమ్మె ఎన్ని వాహనములను ఆపును?"

"నలుగుర్ని," అన్నాను. నోరు జారింది.

మేస్త్రి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఎర్రపెన్సిలు మాత్రం తొణకలేదు. కాగితం మీద లెక్క వేసుకున్నాడు. "అనగా ముప్పది ఇద్దరు. దినమునకు నూట ఇరువది... వాహనములు వచ్చును. ఎనిమిది దిమ్మెలు చాలవు. పదునారు చేయవలెను."

సంతకం పెట్టి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మే 4

ఇక దాచి లాభం లేదనిపించింది. అత్తయ్య పక్కన కూర్చుని చెప్పేశాను. ఆరోజు మీరడిగినప్పుడు అక్కడ ఏమీ లేదు, నోటికొచ్చింది చెప్పాను, తరవాత కట్టాను అని.

అత్తయ్య సూటుకేసులో బట్టలు సర్దుతున్నారు. తల తిప్పలేదు.

"నాకు తెలుసులెండి."

"ఎలా తెలుసు?"

"నిజమైతే 'ఆ, ఉన్నాయత్తయ్యా' అని ఊరుకుంటారు. లేనిదానికే మీరు కొలతలు చెప్తారు. పెళ్ళికి ముందు మీ ఇల్లెంతుంటుందని మావారడిగితే గది గదికీ కొలతలు చెప్పారు. వచ్చి చూస్తే ఒకటే గది."

"మరి తెలిసీ ఆవిడకెందుకు వస్తానని చెప్పారు?"

"మీరు మొహమాటస్తులు కదా. నేను వస్తానని చెప్పేస్తే ఎలాగోలా కట్టేస్తారని."

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. అమ్మా కూతుళ్ళు ఈ విషయం ముందే మాట్లాడుకున్నారని నాకు అనుమానం. అడగలేదు.

మే 21

ప్రారంభోత్సవం. రాయబారిగారు రెండేళ్ళ కిందట నేను రాసిచ్చిన వాక్యమే చదివారు. "మా దగ్గర దాచడానికేమీ లేదు, రండి." వెనక నాలుగంతస్తుల కాంక్రీటు గోడ, తొమ్మిది సందులు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎర్రపెన్సిలు పరవశించి, ఒక సందు ఎక్కువైందేమో అన్నాడు.

పత్రిక ఫొటోగ్రాఫరు ముఖద్వారం ఎటు అని అడిగాడు. దానిముందే నిలబడి ఉన్నాడు పాపం. అది ద్వారమని తెలియకూడదని ఎర్రపెన్సిలు మొన్ననే దాన్ని కూడా గోడ రంగు వేయించాడు.

మే 25

అత్తయ్య వీసా రోజు. నేనే కారులో తీసుకెళ్ళాను. తొమ్మిదింటికే పదహారు బెంచీలూ నిండిపోయాయి. ఒక ముసలాయన పేపరు చదువుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే పరిచయమై, అప్పుడే ఎవరిమీదో చాడీలు చెప్పుకుంటున్నారు. గుమ్మం దగ్గర గుమాస్తా "పదకొండో నంబరు!" అని మూడుసార్లు అరిచాడు. పదకొండో నంబరు అమ్మాయి, "ఒక్క నిమిషం సార్, బాతుపిల్ల నడుస్తోంది," అంది. ఎనిమిది బాతులు పదమూడయ్యాయి. రాయబారిగారు కూడా లోపల్నుంచి బాతుల్ని చూసే పనిలోనే ఉన్నారని వినికిడి.

భవనం వైపు నేను సరిగ్గా చూడనేలేదు. జనం కూర్చున్నది చూస్తూ ఉండిపోయాను.

అత్తయ్య లోపలికెళ్ళి ఇరవై నిమిషాల్లో వచ్చేశారు. నాకు భయమేసింది.

"ఏమైందత్తయ్యా?"

"ఆవిడ మీకేమవుతుంది అన్నాడు ఆ ఆఫీసరు. ఏమీ అవదన్నాను. ఫారంలో చుట్టరికం గడి ఖాళీగా ఉంటే కుదరదన్నాడు. మరి ఎలా తెలుసన్నాడు. గొంతు తెలుసన్నాను."

"అయ్యో!"

"వినండి ముందు. నా ఫోను బయటే పెట్టించుకున్నారు కదా. మీ ఫోనిలా ఇవ్వు బాబూ అని నంబరు చెప్పాను. ఆవిడ ఎత్తింది. ఆఫీసరు వాళ్ళ భాషలో 'మీరెవరు, ఈవిడ మీకేమవుతుంది' అని అరిచాడు. చెవులు వినబడవుగా, ఆవిడ అంతకంటే గట్టిగా అరిచింది. ఏమందని అడిగితే వాడు నవ్వాపుకోలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళు మీ తాతా మీ నాన్నా మాట్లాడుకోవాలంటే లైను కలిపింది మేమిద్దరమే, ఇప్పుడు నువ్వొచ్చి మమ్మల్నడుగుతావా అందట."

"వీసా?"

"ఇచ్చాడు. గడిలో 'లైను' అని రాసుకున్నాడు." కారు వైపు అడుగేస్తున్న నన్ను ఆపారు. "అప్పుడే ఎక్కడికి? నాలుగు గంటలకి సిద్ధపడి వచ్చాను. కూర్చోండి."

గంట కూర్చున్నాము. నడుం ఆనే చోట మేస్త్రి బాగా చెక్కించాడు.

జూన్ 12

అత్తయ్య విమానం ఎక్కారు. ఇల్లు బోసిపోయింది. అన్నం తింటూ ఏమీ మాట్లాడడం లేదని మా ఆవిడ ఇప్పుడు అదొక ఫిర్యాదు మొదలుపెట్టింది.

జూన్ 15

అత్తయ్య ఫోన్ చేశారు. మొదట మా ఆవిడ మాట్లాడింది, తరవాత నాకిచ్చింది.

"ఎలా ఉన్నారావిడ?" అన్నాను.

"పొట్టిగా ఉంది. నేను పొడుగనుకున్నాను." గొంతు తగ్గించారు. "అల్లుడుగారూ, ఏం చెప్పమంటారు! విమానం దిగగానే కావలించుకుంది, ఏడ్చాం, అంతా బాగానే ఉంది. ఇంటికెళ్ళి ఎదురెదురుగా కూర్చున్నాం. అంతే. ఇద్దరికీ మాట రాలేదు. ఆవిడ మొహం చూస్తే ఎవరో కొత్తమనిషి. నేనూ ఆవిడకంతే. పైగా నేనేం చెప్పినా ఆవిడకి వినబడదు. రెండు రోజులు టీలు తాగాం, స్వెట్టరు వేసుకున్నాను, తీశాను, మళ్ళీ వేసుకున్నాను. తిరిగొచ్చేద్దామా అనిపించింది."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇవాళ పొద్దున్న ఆవిడ ఏమనుకుందో ఏమో, లేచి పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. అంతలో నా పక్కన ఫోను మోగింది."

"ఎవరు?"

"ఇంకెవరు? అదే! 'హలో, హలో, లైన్ క్లియర్?' అంది. ఫోన్లో అయితే దానికి కాస్త వినబడుతుందట, చెవికి దగ్గరగా ఉంటుంది కదా. ఇంక చూస్కోండి! ఇద్దరికీ పట్టపగ్గాల్లేవు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఇప్పుడు దానికి టీ పెడుతున్నాను. తలుపు సందులోంచి అందించి వచ్చి మళ్ళీ మొదలుపెడతాం."

"తలుపు తీసుకోవచ్చు కదా అత్తయ్యా?"

"వద్దొద్దు," అన్నారు కంగారుగా. "మధ్యలో గోడ మంచి మందంగా ఉంది. చాలా బాగుంది."